కలిసిన పిమ్మట విడిపోని తీగ

ఇంటిలోని ఫ్యూజు తీగను మీరందరు నెరుగుదురు. విద్యుత్తు మితిమీరినచో అది కరగి తెగును, దారి మూతపడును. యాంటీఫ్యూజు దీనికి విరుద్ధము. మొదట దానిలో దారి లేదు. తగిన వోల్టేజి నొక్కమారు ప్రయోగించినచో నడిమి పలుచని పొర చీలి, దారి యేర్పడును. ఆ దారిని మరల మూయుట యసాధ్యము.

ఒకే విధముగా తయారైన చిప్పును ఎవరి పనికి తగినట్లు వారు అమర్చుకొనుటకే యీ యుపాయములన్నియు పుట్టినవి. 1978లో మోనోలిథిక్ మెమొరీస్ సంస్థవారు వెలువరించిన 'పాల్' చిప్పులలో అక్కరలేని ఫ్యూజులను కాల్చివేసి, వలసిన వానిని మిగుల్చుకొనెడివారు. 1985లో జైలింక్స్ సంస్థవారు అమరికను జ్ఞాపకకోశములలో నిలిపిరి. విద్యుత్తు ఆగినచో ఆ అమరిక చెరగును. కాని ఎన్నిమారులైనను తిరిగి వ్రాయవచ్చును. ఆ యేడే స్థాపితమైన ఆక్టెల్ సంస్థ 1988లో యాంటీఫ్యూజు చిప్పులను వెలువరించెను. వీనిలో ఆక్సైడు, నైట్రైడు, ఆక్సైడు అను మూడు పొరలు రెండు వాహకముల నడుమ నుండెను. ఒక్కమారు అమర్చినచో మార్పునకు తావులేదు.

ఈ లోపమే అంతరిక్షమున గుణమయ్యెను. అచ్చట అతివేగముగా వచ్చు కణములు తాకి, జ్ఞాపకకోశములోని సున్న ఒకటిగా మారవచ్చును. అట్లు మారినచో చిప్పులోని కూర్పే తారుమారగును. చీలి కలిసిన దారి కా భయము లేదు. అందుచే ఉపగ్రహ నిర్మాతలు దీని నాదరించిరి.

అయినను 1999 మార్చి 4న నాసావారు పంపిన 'వైర్' ఉపగ్రహపు గతిని స్మరింపవలెను. ఘనీభవించిన హైడ్రోజనుచే చల్లబడుచు, దాని 30 సెంటీమీటర్ల దూరదర్శిని నాలుగు నెలలు సుదూరపు గెలాక్సీలను పరిశీలింపవలసియుండెను. దూరదర్శిని మూతను విడిపించు పెట్టెలో ఆక్టెల్ వారి యాంటీఫ్యూజు చిప్పొకటి యుండెను. ఆ పెట్టెకు విద్యుత్తు నిచ్చిన తొలి క్షణమున, చిప్పు స్థిరపడకమునుపే, దాని నుండి తప్పు సంకేతములు వెలువడెను. మూత అకాలమున ఊడిపోయెను. వేడిమి లోన ప్రవేశించెను. కొద్ది దినములలోనే హైడ్రోజనంతయు ఆవిరై పోయెను. ముఖ్యకార్య మారంభింపకయే ముగిసెను.

తీగ తెగలేదు, పొర చెడలేదు. ఆ తొలి క్షణమున చిప్పు ప్రవర్తన నెంచి పెట్టెను రచింపకపోవుటయే కారణమని విచారణలో తేలెను. పరీక్షలలో నది బయటపడలేదు. తరువాత శాస్త్రజ్ఞులు ఆ ఉపగ్రహమున దిక్కు నెరుగుటకై యుంచిన చిన్న దూరదర్శినితోనే నక్షత్రముల స్పందనములను కొలిచి, కొంత ఫలమును పొందిరి.

కలిసిన దారి చెదరకుండుటకు యాంటీఫ్యూజు పూచీపడును. ఆ దారి ఎచ్చటికి, ఎప్పుడు పోవలెనో ముందుగా నిర్ణయించి పరీక్షించుట మాత్రము మనుష్యుని పని. దిద్దుకొను నవకాశము లేనిచోట ఆ పరీక్ష మరింత కఠినముగా నుండవలెను.