భుజాన్ని తన్నని తుపాకి

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు దళం చేతికి చిక్కినవి 26 తుపాకులు, రమారమి 2,500 తూటాలు అని చరిత్రకారులు లెక్క రాశారు. ఏమేం పట్టుకెళ్లిందీ రాసి, రాజు కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడని మన్యంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మూడింట్లో కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో ఉంది. రాజు సమాధి కూడా అక్కడే.

ఆ లెక్కను ఒకసారి భాగించి చూడండి. తుపాకి ఒక్కింటికి వంద తూటాలు కూడా రావు. ఇవాళ 50 మీటర్ల రైఫిల్ పోటీకి దిగే షూటర్ క్వాలిఫికేషన్‌లోనే 60 తూటాలు కాలుస్తాడు, గురి సరిచూసుకోవడానికి పేల్చేవి కాకుండా. అంటే మన్యం దళంలో ఒక్కో తుపాకికి ఉన్న సరుకు రెండు పోటీలకు చాలదన్నమాట. సాధన కోసం ఒక్క తూటాను కూడా దుబారా చేయలేని స్థితి అది. అయినా నెల తిరిగే సరికి, సెప్టెంబర్ 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు నేలకూలారు. విల్లంబులతో, నాటు తుపాకులతో వేటాడి పెరిగిన వాళ్ల గురి అలాంటిది.

తుపాకులు పోలీస్ స్టేషన్లోనే దొరకాల్సిన గతి ఎందుకు పట్టింది? 1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం వల్ల. భారతీయుడు లైసెన్స్ లేనిదే తుపాకి ముట్టుకోకూడదు, తెల్లవాడికి మాత్రం మినహాయింపు. ఈ అవమానం జాతీయోద్యమ నాయకులను ఎంతగా మండించిందంటే, 1931 కరాచీ కాంగ్రెస్ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చోటు చేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పాత చట్టం పోయి 1959 ఆయుధాల చట్టం వచ్చింది. 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది.

ఈ 1959 చట్టంలో చాలామంది చూడకుండా దాటేసే ఒక చిన్న ఉపవాక్యం ఉంది, 13వ సెక్షన్‌లో. ప్రభుత్వ గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధన కోసం ‘పాయింట్ టూ టూ’ (.22) రైఫిల్‌కో, ఎయిర్ రైఫిల్‌కో లైసెన్స్ అడిగితే అధికారి ఇవ్వాలి అంటుందది. నిరాకరించడానికి చట్టంలో చెప్పిన కారణాలేవీ అడ్డు రాకపోతేనే అనుకోండి. మిగతా రైఫిళ్లకైతే తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలిగించాలి. సామాన్యుడికి ఏ రైఫిల్ తగినదో చట్టమే ఎంచి, పేరు పెట్టి చెప్పింది. అది తెలివైన ఎంపిక అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఆ తూటా పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

1845 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు ఒక చిన్న ప్రయోగం చేశాడు. తుపాకుల్లో నిప్పు పుట్టించే చిట్టి రాగి టోపీ మూతికి ఒక చిన్న సీసపు గుండు అతికించాడు. అసలు మందే లేదు, టోపీలోని రసాయనమే గుండును తోస్తుంది. ఇంటి హాల్లోనే గురి సరదా తీర్చుకోవడానికి అది చాలింది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ దానికి కాస్త మందు జోడించి .22 షార్ట్ చేసింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ .22 లాంగ్ రైఫిల్ తెచ్చింది. నూట ముప్ఫై ఏళ్లు దాటినా లోకంలో గురి నేర్పే తూటా ఇదే.

బ్రిటన్‌లో దీని అవసరం ఒక యుద్ధం వల్ల తెలిసొచ్చింది. దక్షిణాఫ్రికాలో బోయర్ రైతుల గురి ముందు తమ సైనికులు తేలిపోయారని బ్రిటిష్ సేనానులకు అర్థమైంది. ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు పెట్టి పౌరులకు గురి నేర్పాలని వాళ్లలో ఒకడైన లార్డ్ రాబర్ట్స్ పట్టుబట్టాడు. పెద్ద తూటాలతో అది సాగదు. పొడవైన మైదానం కావాలి, ఖర్చు మోయలేరు. అందుకే .22. గనికార్మికుడూ గుమాస్తా కూడా సాయంత్రం పూట క్లబ్బు గదిలో 25 గజాల దూరానికి కాల్చుకునే ఏర్పాటు అలా వచ్చింది. విచారకరమైన సంగతేమిటంటే, తన సామాన్యుడికి అక్కడ ఈ తుపాకి చేతికిచ్చి రమ్మన్న సర్కారే మన సామాన్యుడి చేతిలోంచి అన్నిటినీ లాగేసింది.

చవక ఎలా అయింది? ఈ తూటా అంచులో ఉంది రహస్యం. పెద్ద తూటాకు అడుగున మధ్యలో వేరే టోపీ బిగించాలి. దీనికి ఆ పని లేదు. ఇత్తడి గుల్ల అంచు లోపలే నిప్పు రసాయనం పూసేస్తారు. తుపాకి సూది అంచు మీద పొడవగానే పేలుతుంది. పైగా సైనికులు వాడిన త్రీ నాట్ త్రీ (.303) తూటా ఒకటి దాదాపు 25 గ్రాములు తూగితే, ఇది మూడున్నర గ్రాముల లోపే. ఇత్తడీ, సీసమూ, మందూ అన్నీ తక్కువే పడతాయి.

ఇక తన్ను సంగతి. గుండు ముందుకు ఎంత ఊపుతో పోతే తుపాకి అంత ఊపుతో వెనక్కి వస్తుంది. త్రీ నాట్ త్రీ గుండు బరువు 11 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు 740 మీటర్ల చొప్పున. పాయింట్ టూ టూ గుండు 2.6 గ్రాములు, వేగం 330 మీటర్ల దరిదాపు. నాలుగు కిలోల తుపాకి భుజానికి ఆనించి రెండింటినీ లెక్కగడితే, వెనక్కి తన్నే శక్తి రెండో దానిలో మొదటి దానికి దాదాపు నూరో వంతే ఉంటుంది. కొత్తవాడు త్రీ నాట్ త్రీ పేలిస్తే భుజం కమిలిపోతుంది. పాయింట్ టూ టూ పేలిస్తే తుపాకి కదిలిందా లేదా అన్న అనుమానం వస్తుంది.

నొప్పి భరించేయొచ్చు కదా, అది మగతనం కదా అనేవాళ్లున్నారు. నొప్పితో పెద్ద చిక్కు లేదు, మర్నాటికి తగ్గుతుంది. భయం తగ్గదు. రేంజిలో కోచ్‌లు చేసే ఒక పరీక్ష చెబుతాను. నిజం తూటాల మధ్య పేలని డమ్మీ తూటా ఒకటి శిష్యుడికి తెలియకుండా పెడతారు. వాడు గురి చూసి ట్రిగ్గర్ నొక్కుతాడు. ‘టిక్’ మంటుంది, అంతే. కానీ పేలని ఆ తుపాకి మూతి కిందికి గుప్పున వంగుతుంది. తన్ను వస్తుందని ఒళ్లు ముందే బిగదీసుకుంది, కన్ను మూతపడింది, వేలు ట్రిగ్గర్‌ను లాగేసింది. గురి తప్పడానికి కారణం గొట్టంలో లేదు, ఆ క్షణకాలపు ఉలికిపాటులో ఉంది. మొదటి వారంలోనే పెద్ద తుపాకి ఇస్తే ఈ అలవాటు ఒంట్లో దిగబడిపోతుంది. వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

1948లో చట్టం చేసి ఎన్.సి.సి. మొదలుపెట్టినప్పటి నుంచీ దేశంలో ఎన్నో తరాల కాలేజీ పిల్లలు తుపాకి తొలిసారి ముట్టుకున్నది ఈ పాయింట్ టూ టూతోనే. బెల్లం మార్కెట్ ఊరు అనకాపల్లిలో చదువుకుని ఖాకీ వేసుకున్న వాళ్లను ఎవరినైనా అడగండి, ఆ రోజు కళ్లకు కట్టినట్టు చెబుతారు. గ్రౌండ్‌షీట్ మీద బోర్లా పడుకోవాలి. కాళ్లు ఎడంగా చాచి మడమలు నేలకు ఆనించాలి. ఎడమ మోచేయి తుపాకి కిందికి రావాలి. చెంప కర్రకు తాకాలి. 25 గజాల అవతల కాగితం. ఊపిరి సగం వదిలి ఆపాలి. ‘ధన్’ మని కాదు, ‘టప్’ మని చిన్న చప్పుడు. ఐదు తూటాలయ్యాక హవల్దార్ కాగితం తెచ్చి కన్నాల మధ్య దూరం కొలుస్తాడు. కన్నాలు నడిమధ్యన పడ్డాయా అని చూడరు, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా పడ్డాయా అనే చూస్తారు. దీన్నే గ్రూపింగ్ అంటారు. గుంపు బిగువుగా ఉంటే కాల్చినవాడి చేయి కుదిరినట్టే, ఇక సైట్ సవరిస్తే గుంపు మొత్తం నడుమకి వస్తుంది. ఐదు కన్నాలూ ఐదు దిక్కుల్లో ఉంటే తప్పు తుపాకిది కాదు.

సొంతంగా కొనాలనుకునేవాళ్లకు స్వదేశీ దారి ఉంది. 1904లో బెంగాల్‌లో పెట్టిన ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .22 స్పోర్టింగ్ రైఫిల్ చేస్తుంది. తూటాలు పుణె దగ్గరి ఖడ్కీలో తయారవుతాయి. 2021 అక్టోబర్ 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఈ రెండూ రెండు వేర్వేరు కంపెనీల కిందికి వెళ్లాయి. ఈశాపూర్ వాళ్లదే .315 రైఫిల్ కూడా ఉంది. సైనిక తూటా పౌరుల చేతికి రాకూడదని బ్రిటిష్ వాళ్లు త్రీ నాట్ త్రీ నిషేధించడం వల్ల పుట్టిన కొలత అది. దర్జాగా ఉంటుంది. రేంజికి వెళ్లి ఆదివారం పూట హాయిగా కాల్చుకోవాలనుకునేవాడికి మాత్రం అది వద్దంటాను. తూటా ఖర్చు ఎక్కువ, తన్ను ఎక్కువ, నేర్చుకునేది తక్కువ.

పాయింట్ టూ టూలో ఎంచుకునేటప్పుడు కూడా కొన్ని చూసుకోవాలి. ఒక్కో తూటా చేత్తో ఎక్కించే బోల్ట్ రకం మేలు, తొందర ఉండదు. కాస్త బరువున్న గొట్టం మేలు, చేతిలో ఊగదు. తూటాల్లో హై వెలాసిటీ అని రాసినవాటికి ఎగబడొద్దు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్ల చిల్లర. దాన్ని దాటి బయల్దేరిన గుండు దారిలో మళ్లీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు తొణుకుతుంది. మొదటి నుంచీ దాని కిందే ఉండే స్టాండర్డ్ వెలాసిటీ తూటా 50 మీటర్లకు నిలకడగా వెళ్తుంది. ఒక్కో గొట్టానికి ఒక్కో కంపెనీ తూటా పడుతుంది. రెండు మూడు రకాలు తెచ్చి గ్రూపింగ్ చూసి, బిగువుగా వచ్చినదానితోనే ఉండిపోవాలి. ఇంకొకటి, ఖాళీ తుపాకి ట్రిగ్గర్ ఊరికే నొక్కకండి. ఇందులో సూది గొట్టం అంచుకే తగిలి, అంచు నలిగిపోతుంది. చిన్న తూటా కదా అని చులకన పనికిరాదు. అది ఒకటిన్నర కిలోమీటర్ దూరం పోగలదు. చెరుకు తోటల్లో, కొండ వాలుల్లో సరదాగా పేల్చే వస్తువు కాదు, వెనక మట్టి గట్టు ఉన్న రేంజిలో తప్ప.

కానీ నిజంగా మొదలుపెట్టాల్సింది పాయింట్ టూ టూ కూడా కాదు, ఎయిర్ రైఫిల్. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతరలాంటి చోట్ల బెలూన్ల స్టాల్‌లో గొట్టం మడిచి పెల్లెట్ పెట్టి పేల్చే ఆ తుపాకి వంశమే ఇది. 0.177 అంగుళాల గొట్టం, 20 జౌల్స్ మించని శక్తి ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. పోటీలో లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది, పది మార్కుల చుక్క అర మిల్లీమీటర్ మాత్రమే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చింది ఈ రైఫిల్‌తోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పిస్తోలులో వాడేది మన చిన్న .22 తూటాయే.

మీ ఇంట్లో పిల్లకో పిల్లాడికో గురి మీద మనసుంటే, ముందు తుపాకి కొనకండి. ఎన్.సి.సి.లో చేర్పించండి, లేదా గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బుకు తీసుకెళ్లి, అక్కడి కోచ్ చేతుల్లో, అక్కడి తుపాకితోనే కొన్ని వందల తూటాలు కాల్చనివ్వండి. సొంత లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి, తొందరేమీ లేదు. జిల్లా క్రీడాధికారులకు ఒక విన్నపం: 10 మీటర్ల రేంజికి కావలసింది పన్నెండు పదిహేను మీటర్ల పొడవు హాలు, మంచి వెలుతురు, పెల్లెట్ ఆగే ఇనుప పెట్టెలు, ఒక శిక్షణ పొందిన కోచ్. మన అనకాపల్లి జిల్లాలో, అనకాపల్లిలోనూ నర్సీపట్నంలోనూ, ఒక్కొక్కటి పెట్టండి.