సగం వచ్చిన బొమ్మ: ఒక చారిత్రక పరిశీలన

యంత్రాల చరిత్ర రాసేవాళ్ళకు ఒక అలవాటు వుంది. ఫలానా సంవత్సరంలో ఫలానా కంపెనీ ఫలానా వస్తువును తయారుచేసింది అని రాసి తృప్తిపడతారు. ఆ వస్తువును కొనలేక, దాన్ని మరో విధంగా వాడుకున్న మనిషి ఆ చరిత్రలో ఎక్కడా కనిపించడు. కంప్యూటరులోకి వీడియో ఫైలు పూర్తిగా దిగకముందే, దిగినంత మేరకు ఆడించుకుని చూసే అలవాటు విషయంలోనూ ఇదే జరిగింది. ఈ అలవాటు నేటి తరం అసహనానికి గుర్తు అని ఆ మధ్య ఒక సభలో మిత్రులొకరు తీర్మానించారు. నా అనుభవమూ, నేను తెలుసుకున్న చరిత్రా ఆ తీర్మానాన్ని ఒప్పుకోనివ్వవు. తొందరకంటె లేమి దీనికి పెద్ద కారణమని నా వాదన.

బొమ్మ మొత్తం చేరకముందే ఆట మొదలుపెట్టడాన్ని మన ఊళ్ళకు కంప్యూటరు నేర్పలేదు. ప్రింట్లు ఖరీదైన రోజుల్లో ఒకే ప్రింటును రెండు హాళ్ళలో ఆడించేవారు. మొదటి హాల్లో ఆడిన రీళ్ళను డబ్బాలో పెట్టుకుని ఒక కుర్రవాడు సైకిలు మీద రెండో హాలుకు పరుగెత్తేవాడు. ఇక్కడ మొదటి రీలు తిరుగుతూ వుండగా మూడో రీలు ఇంకా అక్కడే వుండేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఆ లోపల సైకిలు చైను ఊడిందంటే తెర తెల్లబోయేది, జనం ఈలలు వేసేవారు. ఇవాళ తెర మధ్యలో గుండ్రంగా తిరిగే గుర్తును చూసినప్పుడల్లా పెద్దలు చెప్పిన ఆ సైకిలు చక్రమే నాకు గుర్తుకు వస్తుంది. ఆ కుర్రవాడికి కూలి ఎంత ఇచ్చేవారో నేను చదివిన సినిమా చరిత్రల్లో ఎక్కడా లేదు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టును తెరిచింది. పెన్న కివతల వున్న మా కోవూరు ఇళ్ళలోకి అది వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునని 2004 నాటి ప్రభుత్వ విధానం చెప్పింది. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ ఆ సర్వీసును ప్రారంభించింది. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. మాలో ఒక్క మిత్రుడి ఇంట్లో ఆ కనెక్షను వుండేది. పగలు దించుకుంటే బిల్లు పెరుగుతుంది. రాత్రి రెండు గంటల నుంచి ఉదయం ఎనిమిది వరకు మాత్రం ఎంత దించుకున్నా లెక్క లేదు. మెట్ట రైతు రాత్రి కరెంటు కోసం నిద్ర మానుకుని మోటారు దగ్గర కూర్చున్నట్టే మేమూ కూర్చునేవాళ్ళం. ఎవరికీ అక్కరలేని వేళను చవకగా అమ్మడం పెట్టుబడికి పాత విద్యే. కొనుక్కునేవాడు తన నిద్రను అదనంగా చెల్లిస్తాడు.

ఇక్కడొక చిన్న లెక్క చెప్పుకోవాలి. ఒక సిడిలో పట్టేది 700 మెగాబైట్లు. కనుక సినిమాలను ఆ కొలతకే కుదించేవారు. 256 కిలోబిట్లంటే సెకనుకు 32 కిలోబైట్లు. చెప్పిన వేగం చెప్పినట్టే వచ్చిందనుకున్నా ఆ ఫైలు దిగడానికి ఆరు గంటల పదమూడు నిమిషాలు పడుతుంది. మాకిచ్చినవి ఆరు గంటలు! ఆ మిగిలిన పదమూడు నిమిషాల కోసం మరో రాత్రి దాకా ఆగాలి. వచ్చినదాన్ని చూడబోతే మరో చిక్కు. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏవీఐ పద్ధతిలో ఏ దృశ్యం ఎక్కడ వున్నదో చెప్పే సూచిక ఫైలు తోకన వుంటుంది. తోక రాలేదు గనుక బొమ్మ అంతా చేతిలో వున్నా చాలా ప్లేయర్లు దాన్ని సరిగా ఆడించలేకపోయేవి. వీసీడీల ఫైళ్ళకు ఈ బాధ లేదు. ఎక్కడ అందుకున్నా అక్కడినుంచే ఆడేవి.

ఈ చిక్కును చాలావరకు విడదీసినది విద్యార్థుల చేతిపనే. 1996లో ఎకోల్ సాంత్రాల్ పారిస్ విద్యార్థులు తమ హాస్టళ్ళకు మెరుగైన నెట్‌వర్కు కావాలన్నారు. దానిమీద వీడియోను పంపి చూపించే పనిగా వాళ్ళు ప్రారంభించినదే తరవాత వీఎల్‌సీ అయింది. 2001లో అది జీపీఎల్ లైసెన్సు కింద లోకానికి వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. వలమీద వచ్చే బొమ్మలో కొన్ని ముక్కలు దారిలో పోతూనే వుంటాయి. పోయినదాన్ని వదిలేసి ముందుకు నడవడం ఆ ప్లేయరు పుట్టుకలోనే వుంది. సూచిక లేని ఏవీఐ ఇస్తే తానే కొత్త సూచిక కట్టుకుని ఆడించేది.

అదే 2001లో అమెరికాలో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంటును విడుదల చేశాడు. ఇందులో ఫైలు వరసగా రాదు. ఎవరి దగ్గర ఏ ముక్క వుంటే అది వస్తుంది; అందులోనూ అరుదైన ముక్కను ముందు తెచ్చుకోవడం నియమం, అది పోతే అందరికీ పోయినట్టే గనుక. అందుచేత తొంభై శాతం దిగిన ఫైలులో కూడా మధ్య మధ్య గండ్లు వుంటాయి. తరవాత తెలుగు ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకసారి అలాంటి ఫైలు చూస్తూ వుంటే నాకు భారతం గుర్తుకు వచ్చింది. పదకొండో శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ గండిని అలాగే వదిలి, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలూ పూర్తిచేశాడు. గండిని ఎఱ్ఱన పూడ్చినది పద్నాలుగో శతాబ్దంలో. నడుమ ఖాళీ వున్న భారతమే ఆ మధ్యకాలపు తెలుగువాళ్ళ భారతం. తిక్కన గారి ఊరని చెప్పుకునే పాటూరు మా కోవూరు పక్కనే వుంది గనుక ఈ పోలిక మీద నాకు కొంత మమకారం వుండవచ్చు. దాన్ని మరీ సాగదీయను. అదే పాటూరులో మగ్గం మీది చీరను కోసేదాకా కట్టుకోవడానికి వీల్లేదు.

మేము దించుకున్నవాటిలో దొంగసొత్తూ వుండేదని దాచడం నిజాయితీ కాదు. కాని సగం బొమ్మ చూసినవాడు పూర్తి బొమ్మకు శత్రువన్న మాటను మాత్రం పరీక్షించాలి. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదల కాకముందే దాదాపు తొంభై నిమిషాల భాగం బయటికి పొక్కింది. అక్టోబరులో రావలసిన సినిమాను సెప్టెంబరు 27కే తెచ్చారు. అది ఘనవిజయం సాధించింది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టలేము. సినిమా కార్మికుడి కూలిమీద దొంగకాపీ పడదని నేను అనను. అయితే ఆ కూలిని ఎగవేసేవాళ్ళందరూ ఇంటర్నెట్టు సెంటర్లలో కూర్చోలేదు.

అసలు కథ ఇక్కడినుంచి మలుపు తిరుగుతుంది. 2005లో పుట్టిన యూట్యూబు తొలినాళ్ళలో మన పద్ధతినే అవలంబించింది. బొమ్మ ఆపి వుంచితే కింద బూడిదరంగు గీత నిదానంగా నిండేది. నిండాక హాయిగా చూసేవాళ్ళం. 2009లో ఆపిల్ కంపెనీ వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపే పద్ధతిని తెచ్చింది. 2013 ప్రాంతంలో యూట్యూబు కూడా ముక్కల పద్ధతికి మారింది. ఆపి వుంచినా కొద్ది దూరం మాత్రమే నిండి గీత నిలిచిపోసాగింది. 2016 సెప్టెంబరు 5న జియో రావడంతో డేటా చవక అయింది. కోట్లమంది చూడగలిగారు, అది చిన్న లాభం కాదు. కాని పేదవాడి ఉపాయాన్ని తీసుకున్న కంపెనీలు అందులోని ఒక సగాన్నే వుంచుకున్నాయి. రాకముందే చూడడం మిగిలింది. చూశాక మన దగ్గర వుండిపోవడం పోయింది. మా మిత్రుడి ఇంట్లో తోక తెగిన ఫైలైనా మాదిగా వుండేది. సిడి మీద రాసి పక్కవీధికి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు చూసిన ముక్క చూసినట్టే చెరిగిపోతుంది. మళ్ళీ చూడాలంటే మళ్ళీ డేటా.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. 2020లో కాలేజీలు మూసినప్పుడు పాఠాలు ఫోనులో చెప్పవలసి వచ్చింది. మా పిల్లల్లో చాలామంది రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల ప్యాకుతో, ఇంట్లో ముగ్గురికీ ఒకే ఫోనుతో చదివినవాళ్ళు. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో సిగ్నలు నిలిచేది కాదు. పాఠం తెగిపోతే అప్పటిదాకా వచ్చిందీ పోయేది. అప్పుడు నేను పాఠాలను చిన్న ఎంపీ4 ఫైళ్ళుగా చేసి పెట్టడం మొదలుపెట్టాను. ఫోను కెమెరా కూడా సూచికను తోకనే రాస్తుంది, ఎంత సేపు తీస్తామో దానికి ముందుగా తెలియదు గనుక. ఆ సూచికను తలకు తెచ్చిపెట్టడానికి చిన్న ఉచిత సాధనాలున్నాయి. బొమ్మను మళ్ళీ కుదించనక్కరలేదు, నిమిషం పని. అలా చేస్తే ఎక్కడ తెగినా తెగినంతవరకు ఆడుతుంది, ఫోనులో నిలుస్తుంది.

ఒక సాయంత్రం విడవలూరు వైపునుంచి ఒక విద్యార్థిని ఫోను చేసింది. విరాటపర్వం పాఠం సగంలో ఆగిందట. వచ్చినంతవరకు తాను చూసి, పక్కింటి ఇద్దరు పిల్లలకూ కాపీ చేసి ఇచ్చిందట.

“సార్, ముప్పయ్యొకటో నిమిషం తరవాత మీరేం చెప్పారు?” అని అడిగింది. వెనక మిగతా ఇద్దరి గొంతులూ వినిపించాయి. స్పీకరు పెట్టమని చెప్పి, ఆ మిగిలిన పాఠం ఫోనులోనే చెప్పాను.