మంగళవారం బయలుదేరాలి – మన పిల్లల హైదరాబాదు యాత్ర



మన మనవళ్లను, మనవరాళ్లను నాలుగు రోజులు హైదరాబాదు తీసుకువెళ్లి చరిత్ర చూపించాలన్న ఆలోచనకు అందరూ సరే అన్నారు. ఏ రోజు బయలుదేరాలి, ఏది ముందు చూపాలి అన్న దగ్గరే మాట తెగలేదు. జూ పార్కు, ఫిలిం సిటీ, చార్మినార్, గోల్కొండ అన్నీ ఒకటిన్నర రోజులో చుట్టేసి రావచ్చని కొందరు మిత్రుల లెక్క. ఆ లెక్క ఒకసారి వేసి దెబ్బతిన్నవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1994లో నేను బడిపంతులుగా ఉన్నప్పుడు నలభై మంది తొమ్మిదో తరగతి పిల్లలతో రాత్రి బస్సులో బయలుదేరి తెల్లవారి హైదరాబాదులో దిగాను. అది శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ముందుగా విచారించుకోకపోవడం పూర్తిగా నా తప్పే. మూసిన గేటు ముందు పిల్లలకు ఇడ్లీ పొట్లాలు పంచి చార్మినార్‌కు నడిపిస్తే, అక్కడ మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ, కాలు పెట్టే సందు లేదు. గోల్కొండ చేరేసరికి తలుపులు మూసే వేళ అయింది. తిరిగి వచ్చాక వ్యాసం రాయమంటే ముప్పై మందికి పైగా జూలోని సింహం గురించే రాశారు. ఒక కోల్ ఫిల్లర్ బిడ్డ మాత్రం చివర్లో ఒక వాక్యం చేర్చింది: "సార్, మన బొగ్గు పట్నం పోతదంటరు గదా, అది ఏడ కాలుతదో మాకు చూపలేదు." ఆ అమ్మాయికి నేను జవాబు చెప్పలేదు. తెలియక చెప్పలేదు.

అందుకే నా మొదటి విన్నపం, యాత్ర మంగళవారం మొదలుకావాలి. మంగళవారం ప్రయాణమా అని మన ఇళ్లలో పెద్దవాళ్లు గొంతెత్తుతారని తెలుసు. దానికి ఉపాయం మన పెద్దలే చెప్పి పోయారు. సోమవారమే సంచులు సర్ది పొరుగింట్లో పెడితే ప్రయాణం సోమవారమే మొదలైనట్టు. మంగళవారం రైలెక్కితే మధ్యాహ్నానికి పట్నం. బుధవారం గోల్కొండ, గురువారం పాతబస్తీ. సెలవు రోజైన శుక్రవారాన్ని మూసీ అవతలి గట్టుకు, కోఠీకి వాడుకుని సాయంత్రం తిరుగు ప్రయాణం.

చరిత్ర పాఠం బెల్లంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే మొదలుపెట్టాలి. బయట ఎక్కడైనా మనం కాసిపేట అని చెబితే వినేవారు కాజీపేట అని రాసుకోవడం మనందరికీ అనుభవమే. పిల్లలకు ఈ రెండు ఊళ్ల తేడా చెబుతూనే రైలు కథ చెప్పవచ్చు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా ఉన్న ఈ లైను 1929లో పూర్తయింది. దానితోనే మద్రాసుకు, ఢిల్లీకి నేరుగా దారి కలిసింది. అంతకుముందు వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. అది బెజవాడ దాకా సాగింది 1889లో. ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ 1889లోనే. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గుకు రైలు కావాలి. రెండూ ఒక కడుపున పుట్టినట్టే వచ్చాయి.

బొగ్గును మొదట గుర్తించింది భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్, 1871లో. తవ్వే హక్కు 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కింది. ఆ హక్కు దక్కిన తీరులో పెద్ద గోల్‌మాల్ జరిగింది. నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహారం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ అనే అధికారి, అదే కంపెనీ వాటాలను అసలు ధర కన్నా ఎక్కువకు ప్రభుత్వం చేత కొనిపించి, తాను లోపాయకారిగా లాభపడ్డాడని బయటపడింది. ఉద్యోగం పోయింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘమే కూర్చుని విచారించింది. మనకు జీతం, ఇప్పుడు పింఛను ఇచ్చిన కంపెనీ పూర్వకథ ఇలా మొదలైందంటే పిల్లలు చెవులు నిక్కించి వింటారు, నాదీ హామీ. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొని చేతిలోకి తీసుకుంది.

దిగిన సాయంత్రం హుస్సేన్‌సాగర్ కట్ట మీదికి నడుద్దాం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు అది. పిల్లలు బుద్ధుడి విగ్రహం చూస్తారు, చూడనీయండి. అది 1990లో నీళ్లలో పడి 1992 డిసెంబరులో పైకి వచ్చిన సంగతీ చెబుదాం. కానీ నేను చూపదలచింది ఐమాక్స్ సినిమా హాలు దిక్కు. అక్కడే 1920లో నిజాం ప్రభుత్వం కట్టించిన బొగ్గు కరెంటు కేంద్రం ఉండేది. దాన్ని 1995లో కూలగొట్టారు. అంటే 1994లో నేను పిల్లల్ని బస్సులో దాని పక్కనుంచే తీసుకుపోయాను! ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు కిటికీ బయటే ఉంది. ఇప్పుడు చూపడానికి ఖాళీ ఆకాశం తప్ప ఏమీ లేదు, అయినా నిలబడి చెబుతాను.

గోల్కొండకు తెల్లవారి వెళ్లాలి, ఎండెక్కితే మెట్లు ఎక్కలేరు. కింది దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినపడడం అందరూ చూపేదే. మన పిల్లలకు అంతకన్నా ముఖ్యమైనది నీళ్ల ఏర్పాటు. కింద నుంచి చక్రాలతో తోడి, ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడినుంచి ఇంకా పైకి మట్టి గొట్టాల ద్వారా నీళ్లు ఎక్కించారు. మనలో పంపు ఖలాసీలుగా చేసినవారు ఉన్నారు. బాయిలో అడుగు నుంచి నీటిని దశలవారీగా పైకి కొట్టడం వారికి కొత్తగా చెప్పాలా? ఆ చోట నేను నోరు మూసుకుంటాను, వారే చెప్పాలి. తరవాత రామదాసు చెర. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న తానీషా కాలంలో ఇక్కడ బందీగా గడిపాడు. పాల్వంచ, భద్రాచలం మన కొత్తగూడెం పక్కనే కదా. కోట 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరవాత, లోపలివాడే తలుపు తీయడంతో ఔరంగజేబు చేతికి పోయింది. కుతుబ్‌షాహీ సమాధులను 2013 నుంచి దశాబ్దం పైగా శ్రద్ధగా బాగుచేశారు. అక్కడ ఇబ్రహీం సమాధి దగ్గర ఒక మాట. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు.

పాతబస్తీ గురించి ఎక్కువ రాయను, తెలిసినదే. చార్మినార్ 1591, మక్కా మసీదుకు పునాది 1617. భాగమతి కథను కథగానే చెబుదాం, చరిత్రకారులు దాని మీద ఏకాభిప్రాయానికి రాలేదు. సాలార్‌జంగ్‌లో గడియారం ముందు గుంపు తోసుకుంటుంది, పిల్లల చేతులు వదలకండి.

శుక్రవారం నా మనసుకు ముఖ్యమైన రోజు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర ఆగుదాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు పదిహేను వేల మందిని మింగితే, ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ తరవాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నీళ్లు చొచ్చుకొస్తే ఏమవుతుందో బొగ్గుబాయి ఇళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2003 జూన్‌లో గోదావరిఖని బాయిలో 17 మంది పోయారు. ఆ చెట్టు కింద ఆ పదిహేడు మందిని కూడా తలుచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. వద్దనేవారు ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం.

అక్కడినుంచి కోఠీ. కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ఎన్నో ఏళ్లు ఆడపిల్లల కాలేజీగా నడిచింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది దీని మీదే. మౌల్వీని అండమాన్‌కు పంపారు. దగ్గరలోనే 1901 సెప్టెంబరు 1న మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. చివరగా గన్‌పార్కు. 1969 అమరుల స్తూపం, ఎక్కా యాదగిరిరావు శిల్పం. 2011 సకల జనుల సమ్మెలో బాయిలు ఆగిన రోజులు మనం చూసినవే, ఎవరి అనుభవం వారు అక్కడ చెప్పవచ్చు.

ఇక ఏర్పాట్లు. పదిమంది పిల్లలకు ఒక పెద్ద, ఆడపిల్లల వెంట తప్పనిసరిగా ఇద్దరు స్త్రీలు. ప్రతి పిల్లవాడి జేబులో బస పేరు, రెండు ఫోను నంబర్లు రాసిన చీటీ. ఉప్పు చక్కెర పొట్లాలు, జ్వరం మాత్రలు నేను తెస్తాను. ఖర్చు లెక్క ప్రతి రాత్రి అందరి ముందు చదవాలి. రైలులో మన వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కనుక మన టికెట్టు పూర్తి ధర అని వేసుకుని లెక్క కట్టాను. పిల్లలకు విద్యార్థుల రాయితీ దొరికితే లాభమే, బడి నుంచి పత్రం ముందే తీసుకోండి.

బయలుదేరే ముందు వారం ప్రతి పిల్లవాడూ ఇంట్లో తాతనో అమ్మమ్మనో ఒక ప్రశ్న అడిగి నోటుబుక్కులో రాసుకురావాలి. మొదటిసారి బాయి దిగిన రోజు ఏ సంవత్సరం, ఏ ఊరినుంచి వచ్చారు, తట్టా చెమ్మస్ పట్టిన చేతికి మొదటి జీతం ఎంత. మీరు కసురుకోకుండా చెప్పాలి, అంతే.

వచ్చేవారు పేర్లు ఈ నెలాఖరులోగా సంఘం ఆఫీసులో ఇవ్వగలరు. మంగళవారం పట్టింపు ఉన్నవారు సోమవారం సాయంత్రం సంచులు మా ఇంట్లో పెట్టవచ్చు. వరండా ఖాళీ చేసి ఉంచుతాను.