అక్క సంతకం

మా ఇంటి అరుగు మీద నిలబడితే కప్పుల మీదుగా మెదక్ చర్చి గోపురం కనబడేది. కరువు రోజుల్లో ఆ చర్చి కట్టించిన పాస్నెట్ దొర పని చెప్పి తిండి పెట్టిన జనంలో మా తాత ఒకడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ 175 అడుగుల గోపురంలో తన తండ్రి మోసిన రాయి ఏదో ఒకటి ఉందని నాయిన నమ్మకం. 1968లో 200 గజాల జాగ కొన్నప్పుడు అరుగును అటువైపే పెట్టించాడు. మట్టి గోడలు, సున్నం పూత, టేకు దూలాలు, పైన బంగళా పెంకులు. ఆ ఇంట్లో నాయిన చేయించిన ఒకే ఒక్క ఆడంబరం దర్వాజ. దాని మీద మామిడి పిందెలు చెక్కించాడు. అమ్మ ప్రతి శుక్రవారం కడపకు పసుపు రాసేది.

2011 డిసెంబర్‌లో నాయిన పోయాడు. వీలునామా లేదు. ట్రంకుపెట్టెలో రిజిస్ట్రీ కాగితం, దాని కింద ఏడాది వరుసన పిన్నీసు గుచ్చి పెట్టిన ఇంటి పన్ను రసీదులు ఉన్నాయి.

దినాలు అయిన మర్నాడు అన్న వంద రూపాయల స్టాంపు కాగితం తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఇంట్లో తనకు భాగం వద్దని, అన్న పేరు మీద చేస్తే అభ్యంతరం లేదని అందులో రాసి ఉంది.

"అమ్మ ఈ ఇంట్లనే ఉంటది గద అన్నా?" అని అడిగింది అక్క.

"యాడికి పోతది? ఇది అమ్మ ఇల్లు గాదా?"

అక్క అలవాటు కొద్దీ మా ఇంటిపేరు రాసింది. రాశాక గుర్తొచ్చి, దాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన అత్తగారి ఇంటిపేరు పెట్టింది. ఆ కొట్టివేత కింద సాక్షిగా సంతకం పెట్టింది నేనే. పద్నాలుగేళ్లయింది, ఆ గీత నా కళ్ల ముందు నుంచి పోలేదు.

మరుసటేడు పన్ను రసీదు అన్న పేరుతో వచ్చింది. ఇక ఇల్లు అన్నదే అయిందని అందరం అనుకున్నాం. అక్కడే మేం తప్పులో కాలేశాం. అలా పేరు మార్చే మ్యుటేషన్ అంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో మున్సిపాలిటీ రాసుకునే లెక్క. దానితో హక్కు పుట్టదు, పోదు. నాయిన సొంతంగా సంపాదించిన ఇల్లు అది. వీలునామా లేకుండా ఆయన కన్ను మూసిన క్షణంలోనే అది అమ్మకు, ముగ్గురు పిల్లలకు సమానంగా నాలుగు భాగాలయింది. ఆడపిల్లకు ఈ హక్కు నిన్న మొన్న వచ్చింది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. 2005 సవరణ బిడ్డలకు పిత్రార్జితంలోనూ కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కట్నం ఇచ్చాం కాబట్టి భాగం తీరిపోయిందనేది మన అరుగుల మీది మాటే తప్ప చట్టంలో లేదు.

2016 అక్టోబర్ 11న మెదక్ జిల్లా కేంద్రమైంది. జాగల ధరలు లేచాయి. అప్పటికే అన్న వ్యాపారం దెబ్బతిని అప్పుల్లో ఉన్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులని, చూసుకునేవాళ్లు లేరని చెప్పి ఆమెను అక్క దగ్గర దింపి వచ్చాడు. ఇల్లు బేరం పెట్టాడు. కొనేవాళ్ల వకీలు కాగితాలు తిరగేసి, రిజిస్ట్రీ ఇంకా తండ్రి పేరునే ఉంది, వారసులెవరో చూపించమన్నాడు. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నాలుగు పేర్లు వచ్చాయి. మరి స్టాంపు కాగితం? వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకుంటే ఆ పత్రం రిజిస్టరు కావాల్సిందే. ఈ నియమం 1908 నుంచీ ఉంది. అక్క సంతకం మళ్లీ కావలసి వచ్చింది.

"అమ్మను నా ఇంటికి తోలిన నాడే ఆ మాట తెగింది," అంది అక్క.

2019లో పార్టిషన్ దావా పడింది. ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. అన్న తాళం వేసి అద్దె ఇంటికి పోయాడు. ఏటా వానలకు ముందు పెంకులు తిరగేయాలి, లేకపోతే మట్టిగోడ నిలవదు. ఆ ఇంటి మీదికి మళ్లీ ఎవరూ ఎక్కలేదు.

2021లో అమ్మ అక్క ఇంట్లో పోయింది. చివరి చూపు సొంతింట్లో జరగాలని మెదక్ తీసుకొచ్చాం. అన్న చెవి పెట్టి తిప్పితే తాళం తిరగలేదు, తుప్పు పట్టింది. అక్క దీపం నూనె తెచ్చి చుక్క చుక్కగా పోసింది. ఇద్దరి చేతులూ ఆ తాళం మీదే ఉన్నాయి. రెండేళ్లుగా మాటల్లేని మనుషులు "ఇటు తిప్పు", "జర ఆగు" అనుకున్నారు. అమ్మ వెనక అరుగు మీద పడుకుని ఉంది. అంతకు ముందు ఏ ఒక్కనాడైనా ముగ్గురం ఆ అరుగు మీద కూచొని ఉంటే ఇల్లు నిలిచేది. నేనైనా పిలిచి ఉండాల్సింది.

అమ్మ పోవడంతో నాలుగు భాగాలు మూడయ్యాయి. 2024లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. కోర్టు కమిషనర్ వచ్చి టేపు పట్టి కొలిచి, ఇంత చిన్న ఇల్లు మూడుగా చీలదని రాశాడు. అలాంటప్పుడు సగం లేదా అంతకు మించిన వాటా ఉన్నవాళ్లు అడిగితే ఆస్తిని అమ్మించి డబ్బు పంచవచ్చు, 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం. నేనూ అక్కా అడిగాం.

అమ్మకం దాకా ఇల్లు ఆగలేదు. 2025 ఆగస్టు చివర మెదక్‌ను ముంచెత్తిన వానలో పడమటి గోడ కూలింది. దూలాలు దాని మీద వాలాయి. పొద్దున ముగ్గురం వేర్వేరుగా వచ్చి, బురదలో వేర్వేరు చోట్ల నిలబడ్డాం. తూర్పు గోడ, దర్వాజ మాత్రం మిగిలాయి.

వేలం దాకా పోకుండా రాజీ పడి, జాగ అమ్మి, మూడు భాగాలు చేసుకున్నాం. అన్న భాగం అప్పులవాళ్లకే పోయింది. పాత కలప కొనేవాడు దర్వాజకు మంచి ధర చెప్పాడు. అన్న ఒప్పుకోలేదు. "అక్కకు పంపు తమ్మీ," అన్నాడు.

అది అక్క ఇంట్లో ఏ గోడకూ పట్టలేదు. పెరట్లో వేపచెట్టుకు ఆనించి, పైన పాలిథిన్ కప్పింది. మొన్న శుక్రవారం పోయినప్పుడు చూశాను, కడపకు పసుపు రాసి ఉంది.