పేట పుట్టుక

ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు అని మన పెద్దలు చెప్పిరి. పేట కట్టిచూడుమని మాత్రము చెప్పలేదు. ఇల్లు ఒక గృహస్థుని పని. పేట పదుగురి పని. ఎవరి యింటిప్రక్క నెవరుండవలెను, మంచినీరు ఎవరి వాకిటికి వచ్చును, మురుగునీరు ఎవరి గడపముందు పారును అను ప్రశ్నలకు ఒక సంఘము చెప్పుకొన్న సమాధానమే దాని పేటలయందు గోడలై నిలుచుచున్నది.

ముందుగా గీతలు గీచి ఊరు కట్టుట మనకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దుర్గనివేశ ప్రకరణము గలదు. తూర్పునకు మూడు, ఉత్తరమునకు మూడు రాజమార్గములు వేయవలెనని చెప్పి, ఏ వర్ణము వారు ఏ దిక్కున నుండవలెనో ఆచార్యుడు నిర్ణయించెను. చండాలురకు శ్మశానప్రాంతమును చూపెను. ఆ గ్రంథము పేరైనను విననివారు మా నర్సింహులపేట ప్రాంతపు పల్లెలలోను, తక్కిన తెలుగుసీమలోను, ఊరొకచోటను వాడ యొకచోటను కట్టిరి. కావున ప్రణాళిక యుండుట యొక్కటే మేలు కాదు. ఏ బుద్ధితో గీచిన ప్రణాళిక యనునదియే విచారింపదగినది.

హైదరాబాదు 1591లో చార్మినారును నడుమ నిలిపి, నాలుగుదిక్కులకు వీథులు తీర్చి కట్టిన పట్టణము. కాలక్రమమున జనము పెరిగి, సందులు ఇరుకై, గాలి వెలుతురు కరవయ్యెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలాది ప్రాణములను, ఇండ్లను మ్రింగెను. పిమ్మట రప్పింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నదికి ఎగువన పరిశోధించి, పరీవాహమునందలి 788 చెరువులలో 221 తెగినవని తేల్చిరి. వారి యాలోచన ననుసరించి ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఈలోపల 1911లో ప్లేగు వచ్చెను. నీటివలని భయమును జలాశయములు తీర్పగలవు. ఇరుకు సందులలో పెరుగు వ్యాధికి అవి మందుగావు. అందుచేత 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ప్రజలు దానిని ఆరాయిష్ బల్దా యనిరి.

మండలి మురికివాడలను పడగొట్టెను, వీథులను వెడల్పుచేసెను, సుల్తాన్‌షాహీ, మొగల్‌పురా, నాంపల్లి మున్నగు తావులలో వరుసయిండ్లు కట్టించెను. గాలి వచ్చు గదులు, వేరుగా వంటయిల్లు, ముంగిట ఖాళీస్థలము పేదగృహిణికి సైతము అవసరములేయని ఒక ప్రభుత్వము ఒప్పుకొనుట ఆనాటికి చిన్నమాట కాదు. ఇంగ్లాండులో ఎబినీజర్ హోవర్డు ఉద్యానపట్టణమును గూర్చి గ్రంథము వ్రాసినది 1898లో. లెచ్‌వర్తు పట్టణ మారంభమైనది 1903లో. అనగా మన నగరము లోకమునకు మిక్కిలి వెనుకబడలేదు.

ఈ యిండ్లను మండలి తరగతులుగా విభజించెను. పుట్టుకనుబట్టి కాక రాబడినిబట్టి నివాసము నిర్ణయమగుట మనదేశమున గొప్ప మార్పు. పొరుగువాని కులము తెలియకయే అతని గోడ కానుకొని కాపురముండు స్థితి వచ్చెను. అయితే తరగతికి అద్దె యున్నది. ఆ యద్దె చెల్లింపలేని వానికి, కూలిన గుడిసెకు బదులు మరియొక గుడిసెయే దిక్కు. వీథి అందమగుటయు, ఆ వీథిలోని మనుష్యుడు సుఖపడుటయు ఒకటి కాదు.

1960లో ఆ మండలి గృహనిర్మాణమండలిలో కలిసిపోయెను. తరువాతి కాలమున కట్టిన కూకట్‌పల్లి కాలనీ మొదలగు వానియందును అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ గృహములను పాతవిభాగమే నిలిచెను. కాని గీచినవారొకరు, కాపురముండినవారొకరు. కుమారునకు పెండ్లికాగా మీద నొక అంతస్తు లేచెను. ముంగిటిగది అంగడి యయ్యెను. పల్లెలనుండి చదువునకు, ఉద్యోగమునకు వచ్చిన పిల్లలకు ఇండ్లే వసతిగృహములయ్యెను. దీనిని క్రమభంగమని నిందించువారు కలరు. మేము అట్లు తలంపము. ప్రాణమున్న పేట పెరుగకుండునా? పెరుగుదలకు తగినట్లు మురుగుకాలువయు, పిల్లల ఆటస్థలమును కాపాడుకొనకపోవుటయే దోషము.

ఇంతకంటె లోతైన దోషము మరియొకటి గలదు. కాగితముపై ఇండ్లకు సంఖ్యలు మాత్రమే యుండును. సంఖ్యకు కులము లేదు. ఆ సంఖ్యగల యింటిని అద్దెకిచ్చునపుడు, "మీరేమిట్లు?" అని గుమ్మములో నిలిచి అడుగు గృహస్థులు నేటికిని కలరు. సమాధానము నచ్చనిచో గది ఖాళీలేదందురు. ఊరికిని వాడకును నడుమనున్న పొలిమేర, సర్కారు గీచిన పటమున చెరిగిపోయి, ఆ ప్రశ్నలో మరల మొలచుచున్నది. దానిని చెరపుటకు ఇంజనీరు అక్కరలేదు. అద్దెకు వచ్చిన దంపతులను అద్దె యెంత యిత్తురనియు, ఎప్పుడు వత్తురనియు మాత్రమే అడిగి తాళపుచెవి యిచ్చిన చాలును.