గృహచరిత్రకు ఆధారములు: తల్లిదండ్రుల బాల్యస్మృతులు

చరిత్ర యనగానే రాజుల పేర్లును, యుద్ధముల తేదులును మనస్సునకు వచ్చుట వాడుక. రాజులు శాసనములు చెక్కించిరి. దొరతనమువారు దస్తావేజులు దాచిరి. ఇంటిపొయ్యి చరిత్రను మాత్రము ఎవ్వరును చెక్కింపలేదు. తెల్లవారుజామున తిరగలి పట్టిన దెవరు, కరువునాడు గాదె అడుగున మిగిలిన గింజలను పంచిన దెవరు అను విషయములు తల్లిదండ్రులు తమ బాల్యమును గూర్చి చెప్పుకొను మాటలలోనే నిలిచి యున్నవి. వానిని వ్రాసి యుంచిన కుటుంబములు మిక్కిలి కొలది.

అట్లు వ్రాసి యుంచినవారిలో ముందు స్మరింపదగినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగవ యేటనే తండ్రి గతించెను. పెదతండ్రియు, నాయనమ్మయు వారిని పెంచిరి. ఐదవ యేట వీధిబడిలో చేరి సుమతీ శతకము, కృష్ణ శతకము, రుక్మిణీ కల్యాణము, అమరము మున్నగునవి వల్లించిరి. ఉమ్మడి కుటుంబములో ఒకరి చేయి జారినచో వేరొకరి చేయి పట్టుకొనెడిది. తండ్రి లేని బిడ్డకు ఇల్లు లేకపోలేదు. పంతులుగారి స్వీయచరిత్రము ఒక సంస్కర్త కథయే గాక ఆనాటి గృహవ్యవస్థకు సాక్ష్యము కూడ.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యము వేరొక విధమైనది. వారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. పదునొకండవ యేట తండ్రి గోపాలకృష్ణయ్యగారు కాలధర్మము నొందిరి. సంసారభారమంతయు తల్లి సుబ్బమ్మగారిపై పడెను. ఆమె ఒంగోలున పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పోషించెను. భర్తను కోల్పోయిన స్త్రీ అన్నము అమ్ముకొని బ్రతుకుటను లోకము చిన్నతనముగ నెంచిన కాలమది. కుమారుని పరీక్ష రుసుమునకు మూడు రూపాయలు కావలసి రాగా ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టెను. ఆ బాలుడే 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను.

సుబ్బమ్మగారి శ్రమ లోకమునకు తెలియుటకు కారణము కుమారుడు దానిని మరువక ‘నా జీవితయాత్ర’లో చెప్పుటయే. అట్టి తల్లులు ప్రతి గ్రామమునందును ఉండిరి. 1901 జనాభా లెక్కల నాటికి మన దేశమున స్త్రీలలో నూటికి ఒక్కరైనను అక్షరాస్యులు కారు. వారు తమ కథను తాము వ్రాసికొనజాలకపోయిరి. కావున బిడ్డల జ్ఞాపకమే వారికి శాసనము. ఆ జ్ఞాపకము అక్షరరూపము నొందనిచో రెండు తరములలో వారి పేరు సైతము మాసిపోవును.

పెద్దల మాటలను చరిత్రగ స్వీకరించుటకు కొంత శ్రద్ధ కావలెను. వారు సంవత్సరములను అంకెలతో చెప్పరు; కరువులతోను, తుపానులతోను చెప్పుదురు. ధాత కరువన్నచో 1876–78 నాటి క్షామమని గ్రహింపవలెను. బందరు ఉప్పెన యన్నచో 1864, దివిసీమ ఉప్పెన యన్నచో 1977 నవంబరు 19. అణాల లెక్క చెప్పినచో అది చాలవరకు 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు రాకమునుపటి సంగతి. సోల, తవ్వ, మానిక, కుంచము అను కొలతల పేర్లను వారు పలికినట్లే వ్రాసి, ప్రక్కన అర్థము చెప్పవలెను. జ్ఞాపకము ఒక్కొక్కప్పుడు తడబడును గనుక అన్నదమ్ములను, అప్పచెల్లెండ్రను వేరువేరుగ అడిగి సరిచూచుట మేలు.

1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘముగ నేర్పడిన నాటినుండి తెలుగునాట గ్రామ గ్రంథాలయము విజ్ఞానమును ఇంటింటికి చేర్చుటకు పాటుపడినది. ఇంటింటి విజ్ఞానమును గ్రంథాలయమునకు చేర్చుటయు అంత పుణ్యకార్యమే. ప్రతి గృహస్థుడును తల్లిదండ్రుల చెంత కూర్చుండి, వారి చిన్ననాటి యింటిని గూర్చి అడిగి, పది పుటలు వ్రాసి యిచ్చినచో గ్రామమునకు రాజుల చరిత్రకు తీసిపోని చరిత్ర సిద్ధించును. అడుగవలసినవారు పెద్దవారగుచున్నారు, ఆలస్యము తగదు.