చూరునీడ లెక్క

బుచ్చిరెడ్డిపాలెంలో మా పాత ఇంటికి తూర్పు వాకిలి, వాకిట్లో మూడు మెట్లు. పొద్దు పైకెక్కేకొద్దీ చూరునీడ అరుగు దిగి, ఒక్కో మెట్టే దిగేది. ఆ మెట్ల మీద మా అవ్వ బొగ్గుతో గీతలు గీసేది. నా ముఖానికి వైద్యం ఆ గీతల ప్రకారమే జరిగింది.

నాకు పదకొండో ఏట ఎడమ బుగ్గ మీద, పెదవి చివర తెల్లమచ్చలు లేచాయి. పెద్దరోగమేమోనని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. అవ్వ నన్ను కళ్లు మూసుకోమని, కోడి ఈకతో మచ్చను తాకింది. "తెలస్తా ఉందా పాపా?" అంది. తెలుస్తోందన్నాను. "అయితే బొల్లి. దానికి స్పర్శ పోదు. బావంచాలు తెప్పిస్తా ఉండు" అంది.

బావంచాలు నల్లటి చిన్న గింజలు, ఘాటు వాసన. వాటిని ఏడు రోజులు గోమూత్రంలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి, ముద్దగా నూరేది. ముద్ద ఒక పాలైతే గానుగ నువ్వులనూనె నాలుగు పాళ్లు, నీళ్లు పదహారు పాళ్లు. తైలం కాచడానికి శార్ఙ్గధర సంహిత చెప్పే కొలతా అదే. అవ్వకు మాత్రం అది వాళ్లమ్మ చేతి లెక్క. నీళ్లు ఇగిరి నూనె నురగ కట్టగానే, అడుగున ఉన్న ముద్దను కాస్త తీసి వేళ్ల మధ్య వత్తిలా నలిపి నిప్పులో పెట్టేది. చిటపటమంటే ఇంకా తడి ఉన్నట్టు. చప్పుడు చేయకుండా మండితే పొయ్యి మీంచి దించేది.

నూనె రాసుకుని వాకిట్లో లేత ఎండలో కూర్చోవాలి. నీడ ఒక గీత మీదున్నప్పుడు మొదలు, రెండో గీతను తాకగానే లేచి ముఖం కడుక్కోవాలి. వారం వారం ఆ గీతల మధ్య ఎడం కొంచెం పెంచేది.

ఆ ఎండాకాలం సెలవుల్లో నాకు తొందర పుట్టింది. ఎవరూ చూడకుండా నూనె దట్టంగా పూసుకుని, మిట్టమధ్యాహ్నం పిలకాయలతో కలిసి కనిగిరి చెరువు కాలవకు పోయాను. మర్నాటికి బుగ్గ ఎర్రబడింది. మూడోనాటికి రేగుపండంత బొబ్బ లేచింది. "గీతలు ఎందుకు గీసినానే?" అని మాత్రం అంది అవ్వ. మానేదాకా నూనె సీసా అటక మీదే ఉంది.

ఆ బొబ్బ చాలా పాతదని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. తెల్లమచ్చల మీద పూయమని అథర్వవేదం ఒక నల్లటి మూలికను పిలుస్తుంది. చరక సంహిత ఒక జాతి మేడిచెట్టు రసం తాగించి, ఓపినంత సేపు ఎండలో కూర్చోబెట్టమంటుంది. పొక్కులు లేస్తే ముల్లుతో పొడవమంటుంది. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ బైతార్ రాసిన అరబ్బీ మూలికల గ్రంథంలోనూ మందు వేరైనా పద్ధతి ఇదే: ఒక గింజ, ఆ వెంటనే ఎండ.

1933లో మనదేశపు రసాయన శాస్త్రజ్ఞులు బావంచాల నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. ఆ మొక్క శాస్త్రీయ నామం అప్పట్లో సోరేలియాతో మొదలయ్యేది కాబట్టి దాన్ని సోరలెన్ అన్నారు. 1940లలో కైరో వైద్యుడు ఎల్ మోఫ్టీ, ఇబ్న్ అల్ బైతార్ చెప్పిన నైలు నది ఒడ్డు మొక్కలోని అదే జాతి పదార్థంతో బొల్లికి వైద్యం చేశాడు. 1974లో అమెరికా వైద్యులు సోరలెన్ మాత్ర ఇచ్చి, ఎండకు బదులు అతినీలలోహిత దీపాల కింద నిలబెట్టి సోరియాసిస్ అనే చర్మరోగాన్ని తగ్గించారు. వెలుతురు తగలనిదే సోరలెన్ పని చేయదు. ఎక్కువ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది.

ఆ మధ్య మా మేనకోడలు తన తెల్లమచ్చలకు బావంచాల తైలం సీసా కొని తెచ్చింది. దాని మీద రోజుకు రెండుసార్లు రాయమని ఉంది. ఎండ మాట ఎక్కడా లేదు. నెల్లూరులో చర్మవైద్యుడికి చూపిస్తే ఆయన సీసా పక్కనపెట్టి, మాత్ర రాసి, ఒక కాగితం ఇచ్చాడు: మాత్ర వేసుకున్న రెండు గంటలకు ఎండ, మొదట ఐదు నిమిషాలు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచాలి. ఆ కాగితంలో నాకు మా మెట్లు కనిపించాయి.

నా బుగ్గ మీద రంగు ఒక్కసారిగా రాలేదు. వెంట్రుక మొదళ్ల దగ్గర ఆవగింజలంత చుక్కలు పొడిచి, ఏడాదికి ఒకదానితో ఒకటి కలిశాయి. పెదవి మీద వెంట్రుకలుండవు, రంగు పుట్టుకొచ్చే చోటు లేదు అని ఆ వైద్యుడే చెప్పాడు. అక్కడ మినపగింజంత తెలుపు ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది చివర అవ్వ నా గడ్డం పట్టుకుని ఎండకు తిప్పి, దాన్ని చాలాసేపు చూసింది. "ఇది ఇంతే పాపా" అని నీళ్లు తెచ్చి మెట్లు కడిగేసింది.